చిన్న రైతు ఛానల్‌కు సలహా ఎట్ల చెప్పాలి?



ఈ వ్యాసంతో పాటు పెట్టిన వీడియోలో నేను సగం మాటే చెప్పగలిగాను. పది నిమిషాల్లో అన్నీ పట్టవు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. విషయం ఈసారి పురుగు గురించి కాదు, కషాయం గురించి కాదు. ప్రకృతి వ్యవసాయం మీద వీడియోలు చేసే మన చిన్న ఛానళ్లకు, వాటిని చూసే మనం ఏం చెప్పాలి, ఎట్ల చెప్పాలి అనేది. ఇదేం పెద్ద విషయమా అనుకోవద్దు. వీడియోలో ఒక్క కొలత తప్పితే ఆ నష్టం చూసినోడి పొలంలో కనిపిస్తది.

మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఇప్పుడు ఫోను పట్టుకొని పొలంలో నిలబడి మాట్లాడే పిల్లలు ఊరికొకరు ఉన్నారు. కొందరు డిగ్రీ చదివి ఇంటికొచ్చినవాళ్లు, కొందరు ముందు నుంచీ ఎవుసంలోనే ఉన్నవాళ్లు. మూడు వందల మంది, ఎనిమిది వందల మంది సబ్‌స్క్రైబర్లు ఉంటారు. లక్షల మంది చూసే ఛానళ్లు వేరే ఉన్నాయి, వాటికి మన సలహా అక్కర్లేదు, చెప్పినా వినే తీరిక వాళ్లకు ఉండదు. చిన్న ఛానల్ సంగతి వేరు. అక్కడ పది కామెంట్లు వస్తే పదీ చదువుతాడు. తెల్లారి పొలానికి పోయేటప్పుడు కూడా అవే మనసులో తిరుగుతుంటయి.

ఆ పదిలో ఏముంటాయో మీకు తెలుసు. నాలుగు "సూపర్ అన్నా". మూడు "ఫోన్ నంబర్ పెట్టండి". రెండు "అంతా అబద్ధం, వీటితో పంట పండదు". ఒకటి వీడియోకు సంబంధం లేనిది. ఈ పదీ కలిపి చూసినా, వచ్చే వీడియోలో ఏం మార్చుకోవాలో ఆ పిల్లగానికి ఒక్క ముక్క తెలియదు. పొగిడినోళ్లు ఏది బాగుందో చెప్పలేదు. తిట్టినోళ్లు ఏది తప్పో చెప్పలేదు.

నర్సంపేట వైపు ఒక తమ్ముడు ఉన్నాడు. పేరు రాయను. ఏడాదిన్నర నుంచి తన మూడెకరాల చెల్కలో జరిగేది ఉన్నది ఉన్నట్టు చూపిస్తున్నాడు. పోయిన వానాకాలం ఒక వీడియో కింద ఎవరో అతని యాసను వెక్కిరించారు, ఇంకెవరో "ముందు మాట్లాడుడు నేర్చుకో" అన్నారు. రెండు నెలలు వీడియో పెట్టలేదు. అదే వీడియోలో ఒక నిజమైన లోపం ఉంది. దాని గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు బాధ అనిపించింది అక్కడే. యాస లోపం కాదు. మా చెల్క నేల గురించి మా మాటలో చెప్పే మనిషి ఉంటే మా అమ్మకు కూడా అర్థమైతది. "దుక్కి", "సాలు", "మడి", "యాసంగి" అని వింటేనే ఇది మనదే అనిపిస్తది.

ఆ లోపం ఏందంటే, ఒకే వీడియోలో నీమాస్త్రం, అగ్నిఅస్త్రం రెండూ చూపించాడు. రెండూ చక్కగా తయారు చేశాడు. చివరికి "ఇగ రెండింటినీ వడగట్టి పంపులో పోసి కొట్టుకోవాలె" అని ముగించాడు. తెలిసినోళ్లకు ఇందులో తప్పు కనపడదు. కొత్తోళ్లకు కనపడే వీలే లేదు. నీమాస్త్రం తయారు చేసేటప్పుడే వంద లీటర్ల నీళ్లు పోస్తాం, అందుకని మళ్లీ నీళ్లు కలపకుండా కొడతాం. అగ్నిఅస్త్రం అట్ల కాదు. ఆవు మూత్రంలో పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు, వేపాకు వేసి ఉడకబెట్టింది. వంద లీటర్ల నీళ్లకు రెండు మూడు లీటర్లు చాలు. అంటే మనం వాడే 16 లీటర్ల పంపుకు అర లీటరుకు లోపే. దాన్ని నీమాస్త్రం లాగ నేరుగా పంపులో పోసి ఎండ పొద్దున కొడితే ఆకు మాడిపోతది. ఆ రైతు మర్నాడు చేనులోకి పోయి చూసి ఏమంటాడు? "ప్రకృతి వ్యవసాయం అంతా ఉత్తదే" అంటాడు. ఊరంతా అదే చెప్తాడు. ఆ ఊర్లో ఇంకో పదేళ్ల వరకు ఎవరూ ఆవు మూత్రం పట్టరు.

ఇప్పుడు ఆ తమ్ముడికి ఏం రాయాలి? నేను రాసింది దాదాపుగా ఇది:

"తమ్ముడూ, వీడియో మొత్తం చూసిన. అగ్నిఅస్త్రం పొంగు ఎట్ల రావాలో కెమెరా దగ్గరికి తీసుకపోయి చూపించినవు, అది నాకు ఇంకెక్కడా దొరకలే. 6:40 దగ్గర రెండింటినీ పంపులో పోసి కొట్టాలె అన్నవు. నీమాస్త్రం సరే, అగ్నిఅస్త్రంలో ఎన్ని నీళ్లు కలిపినవో చెప్పలే. మేము 16 లీటర్ల పంపుకు అర లీటరు కంటె తక్కువ పోస్తం. నువ్వు ఎంత పోసినవు? ఆ లెక్క పైన పిన్ చేస్తే కొత్తగ మొదలుపెట్టెటోళ్లకు నష్టం కాదు."

సాయంత్రానికి పిన్ చేశాడు. అంతే జరిగింది, పెద్ద కథేం లేదు.

ఆ నాలుగు ముక్కలు ఎందుకు పనిచేశాయో కొంచెం విప్పి చెప్తాను. మొదటిది, బాగున్నదాన్ని పేరు పెట్టి చెప్పడం. ఇది మర్యాద కోసం కాదు. పొంగు దగ్గరగా చూపించడం పనికొచ్చింది అని తెలిస్తే వచ్చేసారి దశపర్ణి కషాయం చేసేటప్పుడు కూడా కెమెరా అక్కడికే పోతది. "సూపర్" అంటే దేనికి సూపరో తెలియక, పాట పెట్టినందుకు అనుకొని ఇంకా గట్టిగా పాట పెడతాడు. నవ్వొద్దు, నిజంగా ఇట్ల జరిగిన ఛానల్ నాకు తెలుసు.

రెండోది, నిమిషం. యూట్యూబ్ కామెంట్‌లో 6:40 అని అంకెల్లో రాస్తే అదే లింకు అయిపోతది, నొక్కితే వీడియో అక్కడికే పోతది. చేసినాయన ఇరవై నిమిషాలు వెతుక్కోనక్కర్లేదు. మిగతా చూసేవాళ్లు కూడా అక్కడ నొక్కి చూస్తారు. "నువ్వు ఎక్కడో తప్పు చెప్పినవు" అనే మాటకూ "6:40 దగ్గర నీళ్ల లెక్క రాలేదు" అనే మాటకూ అదే తేడా.

మూడోది, మన పొలంలో మనం చేసేది చెప్పడం. "నీది తప్పు" అంటే గొడవ. "మేము ఇంత పోస్తం" అంటే అది అనుభవం. చదివేవాళ్లకు రెండు లెక్కలు దొరుకుతాయి. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. మనం చెయ్యనిది, ఎక్కడో విన్నది చెప్పొద్దు. విన్నది చెప్పాల్సి వస్తే విన్నానని రాయాలి. నాలుగోది, ప్రశ్నతో ముగించడం. అతని నేల వేరు కావచ్చు, పంట వయసు వేరు కావచ్చు, మనకు తెలియని కారణం ఉండొచ్చు. అడిగితే చెప్తాడు.

కొలతల దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన వీడియోల్లో ఎక్కువ లోపాలు అక్కడే. జీవామృతం చూడండి. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది పిడికెడు మట్టి, 48 గంటలు నీడలో. ఇది ఒక ఎకరానికి. సుభాష్ పాలేకర్ గారి శిబిరాలకు పోయినవాళ్లకు ఇది నోటికి వచ్చు. కాని వీడియోలో చాలామంది "డ్రమ్ములో నీళ్లు పోసి" అంటారు. ఏ డ్రమ్ము? మా దగ్గర నీలం డ్రమ్ము 200 లీటర్లది ఉంది, వంద లీటర్లదీ ఉంది. వంద లీటర్లలో రెండు కిలోల బెల్లం వేస్తే ఏమీ కాలిపోదు గాని డబ్బులు దండగ. రెండోది, నీళ్లతో పారించేది ఒక లెక్క, ఆకు మీద కొట్టేది ఒక లెక్క. ఆకు మీద కొట్టాలంటే గుడ్డతో వడగట్టాలి, నీళ్లలో కలిపి పల్చన చెయ్యాలి. ఈ రెండో మాట రాకపోతే పంపు నాజిల్ మూసుకుపోయి రైతు పొద్దంతా పిన్నీసుతో పొడుచుకుంటూ కూర్చుంటాడు. ఇలాంటివి కనిపిస్తే అడగండి. తప్పు పట్టినట్టు కాదు, ఆ వీడియోలో ఒక ఖాళీ ఉంటే మీ మాట దాన్ని నింపినట్టు.

ఇంకో కొలత భూమిది. మనం గుంటల్లో చెప్తాం, కోస్తా వైపు సెంట్లలో చెప్తారు. ఎకరానికి 40 గుంటలు, అదే ఎకరానికి 100 సెంట్లు. మా తమ్ముడు "పదహారు గుంటల్ల పెట్టిన" అంటే గుంటూరు రైతుకు తల తిరుగుతది. "అంటే 40 సెంట్లు" అని స్క్రీన్ మీద రెండు అక్షరాలు వేస్తే అయిపోయె. బస్తా కూడా అంతే, ఒక్కో చోట ఒక్కో బరువు. క్వింటాళ్లలో చెప్పమని అడగండి.

ఇక దిగుబడి, డబ్బులు. ఇక్కడ చెప్పడం కష్టం, ఎందుకంటే వీడియో మీది బొమ్మలోనే "ఎకరానికి 10 లక్షలు" అని ఎర్రక్షరాలు ఉంటాయి. చిన్న ఛానళ్లు పెద్దవాటిని చూసి ఇది నేర్చుకుంటున్నాయి. బొమ్మ అట్ల లేకపోతే ఎవరూ నొక్కరనే భయం వాళ్లకు ఉంది, ఆ భయంలో నిజం కూడా ఉంది. ఛానల్‌కు ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటలు జనం చూసి ఉండాలి. ఒక్కడే కెమెరా, ఒక్కడే ఎడిటింగ్, నడుమ పత్తి ఏరుడు. ఆ 4,000 గంటలు ఎంత దూరంలో ఉంటాయో ఆలోచించండి. అందుకని "మోసగాడివి" అనే ముందు లెక్క అడగండి. మిర్చి 80 క్వింటాళ్లు అన్నాడు. పండు కాయా, ఎండుదా? వంద కిలోల పండు మిర్చి ఎండితే 25 నుంచి 35 కిలోలు మిగులుతది. ఆ ఒక్క ప్రశ్నతో 80 అనేది ఎండు లెక్కలో 20, 28 మధ్యకు వస్తది. ఏ రకం? తేజ వేరు, మన చపాటా వేరు, ఎనుమాముల మార్కెట్లో వాటి ధరలు వేరు. చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాని ధర చూపించి "మిర్చి ధర" అంటే తేజ వేసినోడు మోసపోతడు. కూలీ లెక్కలో ఇంటోళ్ల కష్టం కలిపారా? కౌలు ఉందా, సొంత భూమా? ఈ నాలుగు అడిగితే చాలు. నిజాయితీ ఉన్నవాడు సంతోషంగా చెప్తాడు. చెప్పకుండా కామెంట్ తీసేస్తే అది కూడా మనకు ఒక జవాబే.

సంఘం షాట్

మన వరంగల్ రైతు కెమెరా ముందుకు రావడం యూట్యూబ్‌తో మొదలు కాలేదు. ఈ సంగతి కొత్త పిల్లలకు తెలియదు, అందుకే రాస్తున్నాను. 2002లో బీటీ పత్తికి మన దేశంలో అనుమతి ఇచ్చారు. మొదటి వానాకాలమే వరంగల్‌లో వేశారు. అప్పుడు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ నుంచి, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల అక్కలు కెమెరాలు పట్టుకొని ఇక్కడికి వచ్చారు. ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న రైతులు, చాలామందికి చదువు రాదు. వాళ్ల కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ తీసిన ఆ సినిమా 2003లో వచ్చింది. బీటీ పత్తి మీద వరంగల్ రైతులకు కోపం ఎందుకు అనేదే దాని పేరుకు అర్థం. ఒక్కసారి వచ్చి నాలుగు మాటలు తీసుకొని పోలేదు. అదే సీజన్‌లో మళ్లీ మళ్లీ వచ్చి అవే చేన్లు చూశారు. మొదట్లో ఆశగా మాట్లాడిన రైతే తర్వాత ఏమన్నాడో అందులో ఉంది. తర్వాతి ఏళ్లలో కూడా ఆ పని ఆపలేదు. 2005లో, మొదట వచ్చిన మూడు మహికో రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి కొనసాగించలేదు. సినిమా వల్లే అని నేను అనను. శాస్త్రవేత్తల పొలం లెక్కలు ఉన్నాయి, రైతుల ఆందోళనలు ఉన్నాయి. కాని రైతు మాట రికార్డు అయ్యి ఉంది, ఎవరూ కాదనలేకపోయారు.

ఆ అక్కలు కెమెరా భాషకు పెట్టుకున్న పేర్లు నాకు చాలా ఇష్టం. పై నుంచి కిందికి చూసేది "పటేల్ షాట్". మనిషికి ఎదురుగా, కళ్ల ఎత్తులో ఉండేది "సంఘం షాట్", సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటరు గనుక. వాళ్ల సినిమాలకు ఈ సంఘం షాటే పద్ధతి. చిన్న ఛానల్‌కు మీరు ఇచ్చే మంచి సలహాల్లో ఇదొకటి కావచ్చు. మన పిల్లలు గట్టు మీద నిలబడి, కింద మడిలో నాటు వేస్తున్న అక్కను ప్రశ్న అడుగుతారు. ఆమె తలెత్తి, ఎండకు కళ్లు చికిలించి, రెండు ముక్కలు చెప్పి వంగుతది. అదే ఆమె పక్కన కూర్చొని, నీడలో, అన్నం తిన్నాక అడిగితే పావుగంట మాట్లాడతది. విత్తనం ఎట్ల దాచిందో కూడా చెప్తది. "తమ్ముడూ, కూర్చొని అడుగు" అని రాయండి. ఖర్చు లేని సలహా.

వీడియో చూసినోళ్ల మాటను తిరిగి వీడియోలోకి తేవడం అనేది ఒక పద్ధతిగా కూడా నడిచింది. 2006లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ల దగ్గర రికిన్ గాంధీ మొదలుపెట్టిన డిజిటల్ గ్రీన్ పని అదే. తర్వాత ఆంధ్రలో రైతు సాధికార సంస్థతో కలిసి ప్రకృతి వ్యవసాయం వీడియోలు కూడా చేశారు. ఊరి రైతే వీడియోలో ఉంటాడు. నలుగురిని కూర్చోబెట్టి చూపిస్తారు, నడుమ ఆపుతారు. ఎవరు ఏం ప్రశ్న అడిగారు, చూసినోళ్లలో ఎవరు తర్వాత పొలంలో చేశారు అనేది రాసుకుంటారు. ఆ ప్రశ్నలను బట్టి తర్వాతి వీడియో. అందులో "లైక్" అనేదే లేదు చూడండి, చేసినవా లేదా అనేదే లెక్క. చిన్న ఛానల్ నడిపే ఒక్క మనిషికి ఆ రాసుకునే మనిషి దొరకడు. ఆ పని మనం చెయ్యొచ్చు. "నీ వీడియో చూసి బీజామృతం పట్టించిన, నా ఇద్దరు పక్క రైతులు పట్టించిండ్రు, ఒకాయన సున్నం దొరకక ఆగిపోయిండు" అని రాస్తే, అతనికి తర్వాతి వీడియోకు విషయం దొరికినట్టే. సున్నం ఎక్కడ కొనాలి, 20 లీటర్ల నీళ్లకు 50 గ్రాములు ఎట్ల తూచాలి. చిన్న విషయమే, పెద్ద ఛానళ్లు ముట్టనిది.

గాలి, ఎండ, పాట

శబ్దం గురించి కొంచెం. పొలం వీడియో సగంలో వదిలేయడానికి నా లెక్కలో మొదటి కారణం గాలి. ఫోను మైకులో గాలి దూరితే మనిషి మాట వినపడదు. కాలర్ మైకు, దానికి చిన్న బొచ్చు తొడుగు ఉంటే చాలా వరకు పోతది. అది లేకపోతే గాలికి వీపు పెట్టి నిలబడమని చెప్పండి, మోటర్ బంద్ చేయమని చెప్పండి. మిట్టమధ్యాహ్నం తీస్తే టోపీ నీడలో ముఖం నల్లగ కనపడతది, పొద్దున తొమ్మిది లోపు గాని సాయంత్రం గాని తీస్తే బాగుంటది. పురుగును చూపించేటప్పుడు పక్కన రూపాయి బిళ్లో అగ్గిపుల్లో పెట్టమని అడగండి, సైజు తెలుస్తది. వెనక పాట తగ్గించమని చెప్పండి, నేనైతే తీసేయమనే చెప్తాను. ఇవన్నీ ఒకేసారి రాయొద్దు. ఒక వీడియోకు ఒకటే. ఏడు లోపాలు ఒక్కసారి చెప్తే మనిషి ఏడింటినీ వదిలేస్తడు.

వీడియో ఎక్కించిన తర్వాత ఏం మార్చుకోగలరు, ఏం మార్చుకోలేరు అనేది మనకు తెలిసి ఉండాలి. తెలియకనే చాలామంది "తప్పు సరిచెయ్యి" అని గొడవ పెట్టుకుంటారు. యూట్యూబ్‌లో అదే లింకు మీద వేరే వీడియో పెట్టడం కుదరదు. తీసేసి కొత్తది పెడితే ఇన్ని రోజుల చూపులు, కామెంట్లు అన్నీ పోతాయి. చిన్న ఛానల్‌కు అది ప్రాణం. కాని కంప్యూటర్‌లో స్టూడియో తెరిచి తప్పు మాట ఉన్న ముక్కను కోసెయ్యొచ్చు. కింద వివరణలో సవరణ రాయొచ్చు. అక్కడ నిమిషంతో సహా సవరణ రాస్తే, వీడియో నడిచేటప్పుడు ఆ చోట మూలన కనిపించే ఏర్పాటు 2022 నుంచి ఉంది. అన్నిటికంటే తేలిక, కామెంట్ పిన్ చెయ్యడం. కాబట్టి "డిలీట్ చెయ్యి" అనే ముందు "పిన్ చెయ్యి" అనండి. డిస్‌లైక్ నొక్కితే ఏం తెలియదు. 2021 నవంబరు నుంచి ఆ లెక్క చూసేవాళ్లకు కనపడదు, చేసినాయనకు మాత్రం కనపడతది. అతనికి కడుపుమంట తప్ప కారణం తెలియదు. లింకులు పెట్టకండి, లింకు ఉన్న కామెంట్లు చాలా ఛానళ్లలో బయటికి రాకుండా ఆగిపోతాయి. మీ ఫోన్ నంబరు అసలే పెట్టకండి, మందులమ్మేటోళ్లు మిమ్మల్ని పట్టుకుంటారు.

అందరి ముందా, చాటుగనా

ఏది అందరి ముందు చెప్పాలి, ఏది చాటుగ చెప్పాలి? నా పద్ధతి ఇది. చూసినోడి పంటకో, ఆరోగ్యానికో, పశువుకో హాని అయ్యేదైతే అందరి ముందు, వెంటనే. అగ్నిఅస్త్రం నీళ్ల లెక్క అలాంటిది. పొగాకు, ఉమ్మెత్త ఆకు వేసే కషాయాన్ని ఒట్టి చేత్తో కలుపుతూ చూపించడం కూడా అలాంటిదే. పిల్లలు చూస్తారు. మందు డబ్బా కడగకుండా కషాయం పోసి చూపించడం ఇంకొకటి. అక్కడ మొహమాటం పడితే మనకు పాపం. మాట తడబడింది, మొక్క పేరు తప్పు పలికాడు, తేదీ మరిచిపోయాడు, అలాంటివైతే చాటుగా మెసేజ్ పెట్టినా సరిపోతది. దగ్గరి ఊరైతే పోయి కలవండి. మా నాన్న తరంలో రైతులు రేడియోకు, అన్నదాత పత్రికకు కార్డు రాసేవాళ్లు. కార్డులో జాగా తక్కువ గనుక తిట్లకు చోటు ఉండేది కాదు, పంట, నేల, సమస్య, ఊరు రాసేసరికే నిండిపోయేది. ఇప్పుడు జాగా ఎక్కువై మాట పలచనైంది.

ఒక కష్టమైన సంగతి ఉంది. చిన్న ఛానల్ కొంచెం పెరగగానే ఎవరో ఒకరు వస్తారు. రెడీమేడ్ జీవామృతం, డబ్బాలో బ్యాక్టీరియా, "ఆర్గానిక్" గుళికలు. "మా సరుకు గురించి రెండు నిమిషాలు చెప్పు" అంటారు. ఆ తమ్ముడికి ఇంట్లో అవసరాలు ఉంటాయి, నేను తప్పు పట్టను. కాని డబ్బు తీసుకొని చెప్పితే ఆ మాట వీడియోలో ఉండాలి. యూట్యూబే దానికి ఒక గడి పెట్టింది, టిక్కు పెడితే వీడియో మొదట్లో ఇది డబ్బు తీసుకున్న ప్రచారం అని పడతది. మనం అడగాల్సింది మర్యాదగా, సూటిగా: "తమ్ముడూ, ఇది నువ్వు కొన్నదా, వాళ్లు ఇచ్చిందా? ఎన్ని సాళ్లల్ల వాడినవు, వాడని సాళ్లు పక్కన చూపిస్తవా?" వాడిన సాలు, వాడని సాలు పక్కపక్కన చూపించడం కన్నా మంచి ప్రచారం ఏ కంపెనీకైనా ఏముంటది? ఆ ప్రశ్నకు ఆ కంపెనీ ఏమంటదో చూస్తే సరుకు సంగతి కూడా తెలిసిపోతది.

చిన్న ఛానల్‌ను మనం అడగాల్సిన వాటిలో పెద్దది చివరికి ఉంచిన. "మళ్లీ పోయి చూపించు" అని అడగండి. మన వీడియోలు అన్నీ పచ్చగా ఉన్నప్పుడు తీసినవి. జూలైలో పత్తి మోకాలెత్తు ఉంటది, ఆకు నిగనిగలాడుతది, రైతు నవ్వుతడు. నవంబరులో గులాబీ రంగు పురుగు వచ్చినప్పుడు కెమెరా ఎక్కడుంది? జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలోని ఏనెబావి 2006లోనే రసాయనాలు లేని ఊరుగా పేరు తెచ్చుకుంది, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూస్తారు. కాని అది ఒక్క సీజన్‌లో అయిన పని కాదు, దానికి ముందు ఏళ్ల తరబడి ఒక్కో మందు మానుకుంటూ వచ్చారు. ఆ నడుమ ఏళ్లే ఇప్పుడు మొదలుపెట్టే రైతుకు కావాలి. దిగుబడి ఎంత తగ్గింది, ఏ ఏడు తిరిగి లేచింది, అప్పుడు ఇల్లు ఎట్ల గడిచింది. పెద్ద ఛానల్ ఒక ఊరికి ఒకసారే వస్తది. అదే మండలంలో ఉండే పిల్లగాడు బండేసుకొని మళ్లీ పోగలడు. అతనికి ఉన్న బలం అదే, కాని అది అతనికి ఎవరూ చెప్పలేదు.

అందుకని నర్సంపేట తమ్ముడికి ఈ వానాకాలం మొదట్లోనే ఒక మాట చెప్పాను. ఒకే చేను తీసుకో, నీదైనా సరే. విత్తిన రోజు, ముప్పై రోజులకు, పూత మీద, మొదటి ఏరుడుకు, కట్టె పీకే ముందు. ఐదు వీడియోలు, ఒకే గట్టు మీద నుంచి, ఒకే చెట్టు కనపడేటట్టు. ప్రతిసారి ఏం పోసినవో, ఎంత ఖర్చయిందో కాగితం మీద రాసి చూపించు. పురుగు వస్తే కూడా పెట్టు, పంట పోతే కూడా పెట్టు. "పంట పోతే ఎవరు చూస్తరన్నా?" అన్నాడు. నేను చూస్తా, మా సంఘంలో పద్నాలుగు మంది చూస్తరు, చూసి నిమిషం రాసి మరీ అడుగుతరు అన్నాను. మొదటి రెండు వచ్చాయి. రెండోదాంట్లో గాలి మోత కొంచెం ఉంది, మిగతాదంతా మంచిగుంది. 3:15 దగ్గర ఘన జీవామృతం ఎకరానికి ఎంత వేశాడో చెప్పలేదు. అడిగాను, జవాబు రావాల్సి ఉంది. మీరూ చూసి అడగండి.